ఒక డిగ్రీ వెనక్కి

సెర్తాంజిన్యోలో జూలై తెల్లవారుజాము.
షట్టర్ ఎత్తితే గ్యారేజీ నిండా
రాత్రంతా మిల్లు వదిలిన పులిసిన తీపి వాసన.
మా ఊళ్ళో గాలికీ కాస్త కైపుంటుంది.

రోలర్ల మీద గొలుసులతో కట్టేసిన ఒపాలా.
ఒకే వరసలో ఆరు సిలిండర్లు,
నా కంటే రెండేళ్ళు పెద్దది.
దాని ఓనరు వాల్దెమీర్ పళ్ళ డాక్టరు.
"పెట్రోలు మాన్పించు జుసారా, ఇక చెరకు సారాయే" అని
ఆగస్టు పందేనికి నా చేతిలో పెట్టిపోయాడు.

తాగుడు నేర్పడం అంత తేలికేం కాదు.
పాత రబ్బరు గొట్టాలు ఉబ్బి చీలతాయి, పీకేశాను.
ట్యాంకు అడుగున తెల్లటి జిగురు, గోకి కడిగాను.
ఇంజెక్టర్లు మార్చాను,
పాతవి ఎంత నోరు తెరిచినా ఈ దాహానికి చాలవు.
మా బంకు పెట్రోలుకి పదమూడు పాళ్ళ గాలి కావాలి,
దీనికి తొమ్మిది చాలు.
అంటే ఊపిరి అదే,
గుక్కలు మాత్రం ఒకటికి ఒకటిన్నర.

చలికి అంటుకోలేదు.
మూడుసార్లు దగ్గి ఊరుకుంది.
బానెట్ కింద చిన్న డబ్బాలో గ్లాసెడు పెట్రోలు పోశాను.
ఎంత తాగుబోతుకైనా
పొద్దున్నే ముందు కాఫీ చుక్క పడాలి కదా.

హెడ్‌ఫోన్లు పెట్టుకుని
ఇనుము లోపలికి చెవులు రిక్కించాను.
పెట్రోలయితే మర్యాదస్తురాలు.
నిప్పురవ్వని మరీ ముందుకు జరిపితే
లోపల గులకరాళ్ళు దొర్లినట్టు మోగుతుంది,
ఇక చాలమ్మా అని.
ఇరవై రెండు డిగ్రీలు, మోత లేదు.
ఇరవై ఐదు. తెర మీద గీత పైకి పాకింది.
ఇరవై ఎనిమిది. ఇంకొంచెం.
ఇరవై తొమ్మిది.
గీత కదల్లేదు. మోతా లేదు.
చల్లగా, తియ్యగా, ఒక్క మాటనకుండా
పిస్టన్ నెత్తిన దెబ్బ మీద దెబ్బ.

ఈ మౌనం నాకు తెలుసు.

మా నాన్న అవెలీనో రోజుకి పన్నెండు టన్నులు నరికేవాడు.
తగలబెట్టిన చేలో మసి మనిషై వంగి,
లేచి, మళ్ళీ వంగి.
మేస్త్రీ ఇనప కంపాసుతో సాళ్ళు కొలిచి చీటీ రాసేవాడు.
చీటీ మీద అంకె ఏ వారమూ తగ్గలేదు.
రాత్రిళ్ళు పిక్కలు తాళ్ళలా మెలిపడితే
అమ్మ ఉప్పునీళ్ళిచ్చేది,
ఆయన గోడవైపు తిరిగి పడుకునేవాడు.
అబ్బా అన్న మాట మేం వినలేదు.
వినలేదు కాబట్టి
బాగున్నాడనుకున్నాం.
ఒక మధ్యాహ్నం పదకొండో సాలులో
కత్తి పక్కన పెట్టి కూర్చున్నాడు.
అప్పుడైనా ఏం చెప్పలేదు,
లేవలేదంతే.
అప్పుడు ఆయనకి నలభై మూడేళ్ళు.

పీల్చి పిప్పి చేశారని నలుగురూ అన్నారు.
మిల్లులో పిప్పిని కూడా వదలరు,
బాయిలర్లో వేస్తారు.

వాల్దెమీర్ పదింటికొచ్చాడు, చేతిలో జున్ను రొట్టెల పొట్లం.
గీత చూసి కళ్ళు విప్పార్చాడు.
"ఇంకొంచెం పిండొచ్చుగా? ఏం మోగట్లేదుగా?"
"ఇది మోగదు డాక్టర్.
ఎక్కడ ఆగాలో మనమే తెలుసుకోవాలి.
చెరకు తియ్యగా ఉందని వేళ్ళదాకా నమలకూడదు."
ఆయన నవ్వాడు, సామెత బాగుందన్నాడు,
చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్ళాడు.

కుళాయి చప్పుడు ఆగేలోపు
ఇరవై ఎనిమిదికి తెచ్చాను.
కాసేపు చూసి
ఇరవై ఏడుకి.

మూడు గుర్రాలు తగ్గాయి.
బిల్లులో రాయలేదు.