సింహద్వారం దగ్గర పదకొండు కార్లు

పొద్దున్నే రెండు బకెట్ల నీళ్లు, పదకొండు కార్లు.
రాత్రంతా హైవే మీద పోయిన లారీలు
తలో పిడికెడు దుమ్ము వదిలి వెళ్తాయి.
నల్ల బానెట్ మీద ఎవరో వేలితో రాశారు: కడగండి.
కడుగుతున్నాను నాయనా,
ఎనిమిదేళ్లుగా అదే పని.

తెల్ల ఆల్టోకి బ్యాటరీ పడుకుంది.
లేపడానికి స్విఫ్ట్‌ని తెచ్చి ఎదురెదురుగా పెట్టి
వైర్లు తగిలిస్తే
స్విఫ్ట్ కూడా పడుకుంది.
మెకానిక్ కూర్మారావు తల గోక్కుని
"సావాసదోషం బావూ" అన్నాడు.

తొమ్మిదింటికి ఫోను.
రెండేళ్ల కిందట అమ్మేసిన బండి
నిన్న మధురవాడలో ఎర్ర లైటు దాటిందట.
కాగితాల్లో అది ఇంకా నాదే.
కొన్నవాడు ఫోనెత్తడు.
చలానా మాత్రం దారి తప్పకుండా వస్తుంది.

ఆ తర్వాత మీటరు మనిషి,
చంకలో చిన్న పెట్టె, నాలుగు తీగలు.
"లక్షా నలభైని అరవై రెండు చేసేస్తాను,
పదిహేను వందలివ్వు. పక్కాయన నాలుగు చేయించాడు."
నిజమే, పక్కాయన షెడ్డులో కార్లకి
ఏటేటా వయసు తగ్గుతోంది.
నేను టీ ఇప్పించి పంపేస్తాను.
నీతి అనుకోకండి.
స్టీరింగ్ నున్నబడిపోయింది, క్లచ్ రబ్బరు అరిగిపోయింది,
వాటినెవడు వెనక్కి తిప్పుతాడు?

టైరుని కాలితో తన్ని చూసేవాడొకడు.
తలుపు వేసి, పుచ్చకాయ మీద కొట్టినట్టు
చప్పుడు వినేవాడొకడు.
పలాస నుంచి జీడిపప్పు వ్యాపారి వచ్చి
సీట్లో కూర్చుని ఇంటావిడకి వీడియో కాల్ చేసి
డిక్కీలో జాకీ దాకా చూపించాడు.
రంగు బాగోలేదంది ఆవిడ.
దిగిపోయాడు.
సీటు మీద రెండు పలుకులు మిగిలితే
నేనే తిన్నాను.

మూడింటికి దండాసి, గార నుంచి.
ఆటో అమ్మిన డబ్బు బట్టల కొట్టు సంచిలో.
డిజైర్ కావాలి, ట్యాక్సీకి.
తన్నలేదు, తట్టలేదు.
తలుపు తీసి, తల లోపలికి పెట్టి, కళ్లు మూసుకుని
ఒక్కసారి గాలి పీల్చాడు.
"ఏటి బావూ, నీట్లో మునిగిందేటి?"

వారం రోజులు ఎండలో పెట్టాం దాన్ని.
షాంపూ, నిమ్మ సెంటు, సీట్ల కింద కాఫీపొడి పొట్లాలు.
కార్పెట్టు కింద వంశధార బురదని
పళ్ల బ్రష్షుతో తీశాం.
లేదనే మాట నా నాలుక చివర దాకా వచ్చింది.
అప్పుడు కూర్మారావు దగ్గాడు.
అది దగ్గేనా అని ఇప్పటికీ అడగలేదు.
"సీట్ల దాకా మునిగింది" అన్నాను.

"మా ఇల్లూ మునిగిపోనాది అప్పుడు.
ఈ వాసన నాకు తెల్దేటి" అని
సంచి నాలుగు మడతలు పెట్టి
చొక్కా లోపల దోపుకున్నాడు.
టీ తాగాడు. ఎల్లొస్తానన్నాడు.
మళ్లీ రాలేదు.
ఇంకెవర్నీ పంపలేదు కూడా.
ఐదో తారీఖు స్థలం అద్దె,
పదో తారీఖు ఫైనాన్సు వాడు.

రాత్రి గొలుసు కట్టేముందు ఒక బండి బయటికి తీస్తాను.
నాకంటూ కారు లేదు.
చాన్నాళ్లుగా కదలనిది ఏదుంటే అదే వేసుకెళ్తాను,
బ్యాటరీ బతకాలి కదా.
మా వీధిలో నన్ను షావుకారనుకుంటారు.
మా చిన్నది గేటు దగ్గరే అడుగుతుంది,
"ఇయాళ మనదేది నాన్నా?"

ఇయాళ డిజైర్.
వాసన పోతుందేమోనని నాలుగు అద్దాలూ దించాను.
నాగావళి వంతెన ఎక్కానో లేదో
హారన్ దానంతటదే మొదలెట్టింది.
నేను చెయ్యి వెయ్యలేదు.
కింద పెద్ద నీళ్లు కూడా లేవు,
మోకాలి లోతు, ఇసుక, రెండు గేదెలు.
వంతెన దాటేదాకా
అది అరుస్తూనే ఉంది.