టి.ఎ. బిల్లు

రెండు రోజుల జలవనరుల సదస్సు.
నా వంతు పన్నెండు నిమిషాలు,
అందులో మూడు మైకు తినేసింది.

భోజనాలయ్యాక జారుకున్నాను.
ఉండవల్లి గుహలో పడుకున్న స్వామిని చూస్తే
హాల్లో రెండో వరుస గుర్తొచ్చింది.
ఆయనే నయం, గురక లేదు.

మెట్ల కింద స్కూటీ మీద నగీనా.
నా మెడలో ట్యాగు పట్టుకుని పైకి చదివింది:
"డాక్టర్ పి. హైమవతి, సీనియర్ శాస్త్రవేత్త...
ఎవరే ఈవిడ? మా పొట్టిదాన్ని ఏం చేసింది?"

బ్యారేజీ మీద గాలికి
సగం మాటలు కృష్ణలో పడ్డాయి.
తక్కినవి సింగ్‌నగర్‌లో, వాళ్ల వంటింట్లో,
టీ పొంగి పొయ్యి ఆరిపోయేదాకా.

గోడ మీద నా భుజమెత్తున మట్టిగీత.
"బుడమేరు. మూడుసార్లు సున్నం కొట్టాం,
మళ్లీ తేలుతుంది."
పక్కనే చాక్‌పీసుతో పిల్లాడి ఎత్తులు.
గీతకి వాడింకా రెండంగుళాలు తక్కువ.

నా స్లైడ్లలో నీటిమట్టం
మీటర్లలో ఉంది.

ఇప్పుడు ఆఫీసులో ఫారం నింపుతున్నాను.
ఉండవల్లి నుంచి సింగ్‌నగర్.
వాహనం: స్నేహితురాలిది.
రసీదు: లేదు.
ప్రయాణ కారణం అన్నచోట
పెన్ను ఆగింది.
ఆ గడి చూస్తే
బొటనవేలంత కూడా లేదు.