నూనె లెక్క

పడవ దిగేసరికి హారసార్ దీవి నిండా
జూనిపర్ పొదల వాసన, పొగబెట్టిన చేపల వాసన.
నా సంచిలో టాలిన్ ఆఫీసు ఇచ్చి పంపిన కొత్త దీపం,
ఒక రై రొట్టెంత కూడా లేదు.
రేవులో హెల్మి దాన్ని చేత్తో తూచి చూసి
"ఇంతేనా" అంది.
ఇంకేమీ అనలేదు.

నూట పన్నెండు మెట్లు.
డెబ్బై ఆరేళ్ల మనిషి నాకంటే ముందు ఎక్కింది.
"డెబ్బై మూడో మెట్టు జాగ్రత్త" అంది చీకట్లోంచి,
"జార్ కాలం నుంచీ జారుతోంది."

పైన గాజు గది.
మధ్యలో మనిషెత్తు లెన్సు,
పారిస్‌లో ఎవరో సానబట్టి, గడ్డిలో పొదిగి పంపితే
గడ్డకట్టిన సముద్రం మీద గుర్రాలు లాక్కొచ్చిన
గాజు తేనెపట్టు.
పాదరసపు తొట్టిలో తేలుతోంది.
చిటికెన వేలితో తోశాను.
రెండు టన్నుల బరువు
నిద్రలో పసివాడిలా ఒత్తిగిల్లింది.

"మూడు గంటలకోసారి బరువుగుండు పైకి చుట్టాలి,
గోడగడియారానికి కీ ఇచ్చినట్టు.
తాత చుట్టాడు. నాన్న చుట్టాడు. నేనూ చుట్టాను.
తర్వాత మోటారొచ్చింది.
ఆ తర్వాత సోవియట్ సైనికులొచ్చి
బయట ఒక ఇనప డబ్బా పెట్టి, దాని జోలికి పోవద్దన్నారు.
ఎంత చలిలోనైనా దాని మీద మంచు నిలిచేది కాదు.
మా పిల్లి మాత్రం వెళ్లి వెళ్లి దాని మీదే పడుకునేది."
కాసేపాగి,
"పిల్లి ఎక్కువ రోజులు బతకలేదులే" అంది.

చేతులకి తొడుగులు, ముఖానికి ముసుగు.
పాదరసాన్ని సీసాల్లోకి తోడాను.
లెన్సు అడుగుకి దిగి, ఇనుముని తాకి
ఒక్కసారి కిర్రుమంది.
నూటపదేళ్లలో అది నేలని తాకడం అదే మొదలట.

మధ్యాహ్నం వంటింట్లో లెక్కల పుస్తకాలు చూపింది.
గాలి దిక్కు, వత్తి పొడవు, నూనె ఖర్చు.
1944 సెప్టెంబరు దగ్గర ఆగాను.
టేనిస్ కాడక్ చేతిరాత, స్తంభాల్లా నిటారుగా:
"గాలి వాయవ్యం. ఆజ్ఞ ప్రకారం దీపం ఆర్పి ఉంది."
మర్నాడూ అదే మాట. ఆ మర్నాడూ.
పేజీ చివర నూనె నిలవ.
కూడాను, తీసేశాను,
పదకొండు లీటర్లు తేడా.
వేళ్ల మీద మళ్లీ లెక్కపెట్టాను.
హెల్మి రొట్టె కోస్తూ, తలెత్తకుండానే అంది:
"ఆ వారమే స్వీడన్‌కి చీకట్లో పడవలు పోయాయి.
మా నాన్నకి లెక్కలు సరిగ్గా రావు."

సాయంత్రం కొత్త దీపం వెలిగింది.
మూడు సెకన్లు వెలుగు, తొమ్మిది సెకన్లు చీకటి,
నావికుల పటంలో ఉన్న పాత లయే.
కానీ ఇది తిరగదు.
వెలుగుతుంది, ఆరుతుంది, అంతే.
ఇన్నేళ్లూ ఆ కాంతి
ఈ వంటింటి గోడ మీదుగా నడిచి
అలమరలో పళ్లేలను ఒక్కొక్కటే తడిమి
కిటికీ దాటి పోయేదట.
ఆ రాత్రి గది అంతా ఒక్కసారే తెల్లబడి, ఒక్కసారే నల్లబడింది.
"తిరిగేట్టు చెయ్యలేవా?"
"కుదరదండీ."
"సరే. సూపు చల్లారుతోంది, తిను."

ఇప్పుడు టాలిన్‌లో, నా బల్ల మీద, ఒక తెర.
హారసార్ నిమిషనిమిషానికీ కబురు పెడుతుంది:
బ్యాటరీ తొంభై ఒకటి శాతం. దీపం సవ్యం.
దానికి అబద్ధం రాదు.
రాత్రి పన్నెండుకి: కింది తలుపు తెరుచుకుంది.
మూడింటికి: కింది తలుపు తెరుచుకుంది.
మళ్లీ ఆరింటికి.
కారణం రాయమంటూ
ఒక ఖాళీ గడి మెరుస్తూ ఉంటుంది.
ఆ రాత్రి గాలెటు వీచిందో చూసుకుని
రాస్తాను:
"వాయవ్యం. గడియ వదులు."