మూడో అర

ఓలుఫ్, కోటు ఆ కొక్కేనికి తగిలించి ఇటు రా.
రేపట్నుంచి ఈ ఇంక్యుబేటర్ తాళం నీది.
పై అరలు రెండూ ఎవరైనా చూసుకోగలరు,
మూడో అర గురించి మాత్రం చెప్పి వెళ్ళాలి.

ఇవి కుందేలు కిడ్నీ అడుగు లోతుల్లోవి.
నెత్తురు అక్కడ నెమ్మదిగా పారుతుంది,
ఊపిరి చాలీచాలదు.
ఒంట్లో మిగతా కణాలు పలుచటి నీళ్ళలో కులాసాగా ఉంటే
వీటి చుట్టూ నాలుగింతల చిక్కదనం,
దాహం వేసిన రోజున ఇంకా ఎక్కువ.
ఎక్కడో నాలుక తడి ఆరకుండా ఉండాలని
ఇవి ఉప్పులో కాపురం చేస్తాయి.

ఉప్పు తగలగానే ముడుచుకుపోతాయి,
ఎండుద్రాక్షల్లా కనిపిస్తాయి, కంగారు పడకు.
ఉప్పుకు ఉప్పే ఎదురు పెడితే లోపలి పనిముట్లు పాడవుతాయని
ఎవరు నేర్పారో వీటికి!
చక్కెరను పట్టి సార్బిటాల్ వండుకుంటాయి,
అదే, నీ చూయింగ్ గమ్‌లో తీపి.
బయట బీటైన్ దొరికితే గుంజుకుంటాయి,
మన లోలాన్ పొలాల బీట్ దుంపే దానికి పేరు పెట్టింది.
బయట ఎంత ఉప్పో
అంత తీపి కడుపులో పెట్టుకుంటాయి.

వంటకు టైము పడుతుంది. అసలు సంగతి అదే.

మాది లేసో దీవి, నీకు తెలుసు.
ఒకప్పుడు ఉప్పు వండడానికి అడవంతా పొయ్యిలో పెట్టారు.
కలప మిగల్లేదు, మగాళ్ళు పడవల మీద పోయారు,
ఆడవాళ్ళు సముద్రపు గడ్డిని పురులు పేని ఇళ్ళ మీద కప్పారు.
ఉప్పు పీల్చిన ఆ గడ్డి
మూడొందల ఏళ్ళకీ కుళ్ళలేదు.
ఉప్పు తిన్నదేదీ చావదని
నేను చాలా పెద్దయ్యేదాకా నమ్మాను.

ఐనార్ పడవ తిరిగి రాని వారం
మూడో రోజుకే పనిలోకి వచ్చాను.
ఇంట్లో ఏం చెయ్యను?
వారమంతా కొంచెం కొంచెంగా పెంచాల్సిన ఉప్పు
సీసా వంచి ఒక్కసారే పోశాను.
తెల్లారేసరికి అన్నీ పళ్ళెం అడుగు వదిలి
పైకి తేలాయి.
ప్రొఫెసర్ చూశాడు, ఏమీ అనలేదు,
కాఫీ తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళాడు.
కాఫీలో చక్కెర వేశాడు. నేను చక్కెర వేసుకోనని ఆయనకు తెలుసు.
తాగాను.

ఇంకొకటి. ఇది పుస్తకాల్లో ఆలస్యంగా ఎక్కింది.
ఉప్పుకు అలవాటు పడ్డాక కూడా
వీటి లోపలి దారాలు అక్కడక్కడా తెగే ఉంటాయి.
అతుక్కోవు. అలాగే పని చేస్తాయి,
అలాగే రెండుగా చీలి పిల్లల్ని పెడతాయి.
ఉప్పు తగ్గించి చూడు,
గంటల్లో అతుకులు పడతాయి.
అప్పటిదాకా బాగానే ఉన్నాయనుకున్న వాళ్ళం
తెల్లబోయాం.

మంచినీళ్ళప్పుడూ జాగ్రత్త.
నువ్వు పొద్దున్నే గ్లాసెడు నీళ్ళు తాగితే
లోపల ఇవి దాచిన తీపంతా వదిలెయ్యాలి,
పట్టుకు కూర్చుంటే ఉబ్బి పగిలిపోతాయి.
వదలడం మాత్రం వీటికి చాలా తొందరగా వచ్చు.
నాకు పదకొండేళ్ళు పట్టింది.

సరే. ఎర్ర మూత సీసా ఉప్పు, నీలం మూతది మామూలుది.
ఇవాళ నాలుగు వందలు, ఎల్లుండికి ఐదు,
శుక్రవారం ఆరు వందలు దాటొద్దు.
నీకు ఇంట్లో ఏదైనా జరిగితే
ఆ రోజు వీటి జోలికి రాకు, నాకు ఫోన్ చెయ్యి.

తలుపు బిగుసుకుంటుంది.
కొద్దిగా పైకెత్తి లాగు.