పదకొండు నిమిషాల ఆదోని

రేకు డబ్బా మీద తుప్పు, తుప్పు కింద తెల్లరంగు రాత:
పత్తి వర్తకుల సంఘం. ఊరి ప్రచారానికి. 1961.
శబ్దం లేదు.
ఉండి పోయిందో, మొదటినుంచీ లేదో
గుమాస్తా వీరభద్రప్పకీ తెలీదు.
"కీబోర్డు వాయిస్తావంట కదప్పా,
దీనికేమన్నా సౌండు పెట్టు, సభలో ఆడిద్దాం" అన్నాడు.
పాత సినిమా పాట అతికించినా సరిపోతుందన్నాడు.
సరిపోదన్నాను.

నా సింథసైజరు
ఎమ్మిగనూరు ఆర్కెస్ట్రా మూతపడినప్పుడు
నా బాకీ కింద వచ్చింది.
అందులో ఒక నల్లమెట్టు పలకదు.
పెళ్లిళ్లలో దాన్ని దాటేసి వాయించడం
వేళ్లకు అలవాటే.

మొదట కోట.
కెమెరా కొండరాళ్ల మీద ఎడమనుంచి కుడికి తిరుగుతుంది,
మెడ పట్టేసినవాడిలా.
ఒక్క మంద్రస్వరం పట్టుకుని వదల్లేదు నేను.
ఎండలో రాయికి గొంతుంటే అట్లుంటుందని.

తర్వాత మార్కెట్టు.
బండ్లు, బోరాలు, నల్లటోపీల సేట్లు.
అందరూ దేనికో ఆలస్యమైనట్టు గబగబా నడుస్తారు,
ఎద్దులు కూడా.
ఫిల్ము మీద గీతలు నిలువునా కురుస్తాయి.
అంత వానలో ఒక్కరూ పత్తి మీద పట్టా కప్పరు.
ఆదోనిలో ఆ వానను నమ్మేదెవరు?

తుండుగుడ్డ కింద ఇద్దరి చేతులు,
వేళ్లు పట్టి ధర చెప్పుకునే దళారులు.
ఆ బేరానికి అప్పుడూ చప్పుడు లేదు.
అక్కడ మెట్ల మీదనుంచి చెయ్యి తీసేశాను.

జిన్నింగు మిల్లు దగ్గర చిక్కొచ్చింది.
సింథ్‌లో రంపంపళ్ల తరంగం ఒకటుంది,
గరగరమంటుంది, అదే పెట్టాను.
ముప్పై ఏండ్లు మిల్లులో చేసిన ఉరుకుందమ్మవ్వకు చూపిస్తే
కండ్లద్దాలు సర్దుకుని విన్నది.
"ఇది కాదు నాయనా.
మిల్లు చెవుల్లో మోగేది కాదు, పండ్లలో మోగేది.
రాత్రి అన్నం నమిలినా మోగేది."

తెర మీద ఒక పిల్ల,
తల నిండా దూది,
పక్కనున్న దానితో ఏదో అంటుంది, నవ్వుతుంది.
"కూర్చోయే, పటం తీసేదాకా ఏమనరంట, అంటాంది."
నీకెట్ల తెలుసవ్వా?
"ఆ రొదలో ఎవరికేం వినపడేది?
మూతులు చూసే కదా మాట్లాడుకుంటిమి."
సంతోషంగా ఉంది కదవ్వా, అన్నాను.
"ఉండదా మల్ల. కూర్చునింది."

ఆ రాత్రి పైస్వరాలన్నీ కోసేశాను.
స్పీకరు మీద అరచెయ్యి పెట్టి,
చెవికి అందకుండా చేతికి అందేదాకా
మీట తిప్పుతూ పోయాను.
గ్లాసులో టీ వణికింది. అక్కడ ఆపాను.
ఆ పిల్ల కూర్చున్న నాలుగు క్షణాలు మాత్రం
మిల్లు ఆపేశాను.
నిజానికి ఆగి ఉండదు.

చివరి రీలు కొళాయి ప్రారంభం.
పూలదండ కట్టిన ఇత్తడి కొళాయి,
దండ వేసుకున్న పెద్దమనిషి,
తిప్పగానే నీళ్లు, తెల్లగా, లావుగా,
బిందె నిండి, పొర్లి, పెద్దమనిషి చెప్పులు తడిసి
ఇంకా పోతానే ఉంటాయి.
కట్టెయ్యాలని ఎవరికీ తోచలేదు.

నీళ్లకు రాగం పనికిరాలేదు.
ఉత్త రొదను తీసుకుని ఫిల్టరు సందులోంచి జారవిడిచాను,
మొదట సన్నగా,
తర్వాత గట్టు తెగినట్టు.
బాగా వచ్చింది. రెండుసార్లు విన్నాను.
మూడోసారి వాల్యూము పెంచాను.

రాత్రి రెండు దాటింది.
వీధిలో తలుపు గడియ.
ఎదురింటి ఖాసింబీ పిన్ని
రెండు చంకల్లో రెండు ప్లాస్టిక్ బిందెలతో
జుట్టు ముడేసుకుంటూ కొళాయి దగ్గరికి ఉరికొచ్చింది.
ఆమె వెనక ఇంకో తలుపు. ఇంకో లైటు.

"నీళ్లొచ్చినాయా?"

సౌండు తగ్గించి కిటికీలోంచి చెప్పాను,
లేదు పిన్నీ, ఇవి అరవై ఒకటిలో వచ్చినవి.

అర్థమైందో లేదో,
కాసేపు నిలబడింది.
కొళాయి కింద ఒక బిందె పెట్టి
దాని వెనకాల రెండోది పెట్టి
లోపలికి పోయి పడుకుంది.