మూడో కాలు

అట్టపెట్టె ఇంత పల్చగా ఉందేమిటని
తిరగేసి చూశాను, తట్టి చూశాను.
ఫోనుంది. ఫోను కింద కాగితం. కాగితం కింద
చుట్ట చుట్టుకు పడుకున్న తెల్ల తీగ.
మూతి ఉంది, మొండెం లేదు.

గ్రిమ్స్‌బీలో జనవరి. నాలుగు కొట్టగానే చీకటి.
చేపల ఫ్యాక్టరీలో పధ్నాలుగు వారాలు
ముళ్లు తీసిన వేళ్లతో
ఆ సీలు ఎంత మెల్లగా విప్పానో!
నూకరత్నం పక్కనుంచి నవ్వింది:
"భోజనానికి పిలిచి
విస్తరి నువ్వే తెచ్చుకోమన్నట్టుందే."

సన్నక్షరాలు చదివాను.
భూమి మేలు కోరి చార్జర్ పెట్టలేదట.
మీ ఇంట్లో ఎలాగూ పాతది ఉండే ఉంటుందట.

నాకు భూమి మీద కోపమేం లేదు.
ఆ 'మీ ఇంట్లో' దగ్గరే కాసేపు ఆగిపోయాను.
ఇల్లంటే వాళ్ల లెక్కలో ఒక సొరుగు.
లాగితే పాత తీగలు, ఆగిపోయిన వాచీ,
ఏ తలుపుదో గుర్తురాని తాళంచెవి.
అలాంటి సొరుగు నిండాలంటే
ఒకే గోడల మధ్య ఎన్నేళ్లుండాలి?
నాకున్నది మంచం కింద సూట్‌కేసు,
నూకరత్నంతో పంచుకున్న కిటికీ గట్టు.

సూట్‌కేసులో ఒకటుంది, నిజమే.
కాకినాడలో కొన్నది, రెండు గుండ్రటి కాళ్లది.
ఇక్కడి గోడకి మూడు పలక బెజ్జాలు.
పైదాంట్లో పెన్ను గుచ్చి, లోపలి రెప్పలు తెరిపించి
కింద దీన్ని దూర్చే విద్య నూకరత్నానికి వచ్చు.
దూర్చింది. చిటుక్కుమని నిప్పురవ్వ.
ఓనరు గోడకి అంటించిన నోటీసు వైపు
ఇద్దరం ఒకేసారి చూశాం.
తీరా చూస్తే దీని నోరు వెడల్పు,
కొత్త తీగ మూతి సన్నం.

కంపెనీ కొట్లో అదే చార్జర్
ఇంకో పెట్టెలో, ఇంకో ధరకి.
నాకది రెండు గంటల ముళ్లు.
ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమా అంటారు.
అంకుశం దాచుకుని ఏనుగుని అమ్మేవాణ్ణి
ఏమనాలో ఎవరూ చెప్పి పోలేదు.

ఫ్రీమన్ స్ట్రీట్‌లో దానమిచ్చిన పాత సామాన్లు అమ్మే కొట్టుంది.
అక్కడ డోరీన్ అనే పెద్దావిడ
కౌంటర్ కింద నుంచి బిస్కెట్ల డబ్బా తీసింది.
నిండా చార్జర్లు, ఒకదాని మెడ ఒకటి పట్టుకుని,
పరీక్షించామన్న పచ్చ చీటీలతో.
"ఏదైనా యాభై పెన్నీలే. నీకు పట్టేది నువ్వే ఏరుకో."
ఏరాను. సంబంధాలు చూసినట్టు
ఒక్కొక్క నోటికీ తీగ మూతి పెట్టి చూశాను.
వెడల్పు. మళ్లీ వెడల్పు. ఒకటి వంకర.
అడుగున ఒకటి టక్కున పట్టింది.
దాని వీపు మీద తెల్ల టేపు, టేపు మీద నీలం సిరా:
'లెన్. మంచం పక్కది.'

డోరీన్ చూసింది.
కళ్లజోడు పైకి తోసుకుని మళ్లీ చూసింది.
"ఇది ఇందులోకి ఎలా వచ్చిందో" అంది, నాతో కాదు.
తిరిగి ఇచ్చేయబోయాను.
తీసుకుంది. లేచిన టేపు అంచుని
బొటనవేలితో రెండుసార్లు అదిమింది.
నా చేతిలోనే పెట్టింది.
"టేపు మాత్రం పీకకు."
యాభై పెన్నీలు లెక్కపెట్టి తీసుకుంది కూడా.

రాత్రి షిఫ్టుకి ముందు గోడకి గుచ్చబోతూ
మూడో కాలు గోటితో తట్టాను. ప్లాస్టిక్.
నూకరత్నం వాళ్లాయన కరెంటు పనివాడు, తనకి తెలుసు:
"దాన్ని ఎర్త్ అంటారు. భూమన్నమాట.
వీటిల్లో అది ఉత్తదే.
లోపలి తలుపు తీయించడానికి పెడతారంతే."
నేను సన్నక్షరాల కాగితం కోసం వెతికాను.
దాని మీద ఎవరో అప్పటికే టీ కప్పు పెట్టారు.

నాలుగు శాతం. ఏడు.
లెన్ మంచం పక్కన ఇంకా ఏముండేవో,
మాత్రల డబ్బానో, నీళ్ల గ్లాసో,
చదవకుండా మడిచిన పేపరో.
గోడ దగ్గర గోరువెచ్చగా ఉంది.

కాకినాడ చార్జర్‌ని పారేయబుద్ధి కాలేదు.
ఫోను పెట్టెలో పెట్టి మంచం కిందకి తోద్దామనుకున్నా.
ఎటు తిప్పి పెట్టినా
మూత పడలేదు.