అష్టమి ఎడం

సులైబిఖాత్ ఒడ్డున సముద్రం వెళ్లిపోయింది.
వంటింటి కిటికీలోంచి చూస్తే
మైలు పొడుగున బురద,
దాని మీద ఒంటికాలి కొంగలు.

లుల్వాకి రేపు పరీక్ష.
నేను పిండి కలిపే బల్ల మీదే పుస్తకం పరిచి
నాకు చెబుతూ తను నేర్చుకుంటోంది.
ఆ పిల్లకి నా వచ్చీరాని అరబ్బీ చాలు,
నాకు ఆ పిల్ల ఓపిక చాలు.

రొట్టె ముద్ద భూమి.
ఖర్జూరం గింజ చంద్రుడు.
చుట్టూ పొడిపిండి చల్లి
"ఇదీ సముద్రమే మంగా" అంది.
నీళ్లుండవట. ఉప్పుండదు. పడవ ఆనదు.
విడిపోయిన అణువుల ముక్కలు
చల్లగా, పల్చగా,
భూమిని పట్టుకుని దాంతోపాటే తిరుగుతాయట.
"దీనికీ పోటొస్తుంది."

పోటు సంగతి నాకా చెప్పేది!
వైనతేయం పాయలో మా పెద్దమ్మ
వేళ్ల కణుపుల మీద తిథులు లెక్కపెట్టి
పడవ తాడు విప్పేది.
అమావాస్యకి గట్టెక్కే పోటు,
అష్టమికి చచ్చుపోటు.
గింజ కిందకి పిండి పోగుచేశాను ధీమాగా.

లుల్వా నా మణికట్టు పట్టుకుని
పావు చుట్టు అవతలికి జరిపింది.
"ఇక్కడ ఉబ్బుతుంది."
చంద్రుడు అక్కడుంటేనా?
"అక్కడుంటేనే ఇక్కడ.
ఎందుకో ఇంకా సరిగా తెలీదంట."

పెద్దమ్మ పోయిందని ఫోనొచ్చింది పున్నమినాడు.
ఆ పూట ముప్పై రొట్టెలు కాల్చాను,
ఒక్కటీ మాడలేదు.
మేడమ్ నా మొహంలోకి రెండుసార్లు చూసి
ఏమీ అడగలేదు.
వారం దాటాక, చేపల మార్కెట్లో
ఎండురొయ్యల గంప ముందు
కూలబడ్డాను.
తూకం వేసే బెంగాలీ అబ్బాయి
రాళ్లు కింద పెట్టి
మంచినీళ్ల సీసా తెచ్చిచ్చాడు.

రాత్రి మేడ మీద దుప్పట్లు ఆరేస్తున్నాను.
ఏసీ మిషన్లు వేడిగాలి కక్కుతున్నాయి.
కింద చీకట్లో బురద మీదికి
నీళ్లు తిరిగొస్తున్న చప్పుడు.
చంద్రుడు సరిగ్గా నెత్తి మీద.
నేను అటు చూడలేదు.
కరెంటు స్టేషన్ గొట్టాల వైపు,
ఏమీ లేని ఆ మూలకి తిరిగి
చేతిలో తడి దుప్పటితో
కాసేపు నిలబడ్డాను.

పొద్దున్నే బల్ల తుడవాలి.
ఆ పోగు ఒక్కటీ ఉంచమంది లుల్వా,
పరీక్ష అయ్యేదాకా.